వెనక్కి నడిచే గీత

పోయినవారం మనం మిర్యాని స్నానాల గదిలో వదిలేసి వచ్చాం. నీళ్ళు లేని తొట్టిలో బట్టలతోనే కూర్చుని, చేతిలో గర్భపరీక్ష పుల్ల పట్టుకుని, నవ్వాలో ఏడవాలో తెలీక రెండూ కలిపి చేస్తోంది పాపం. మధ్యలో వచ్చి కూర్చున్నవాళ్ళ కోసం రెండు ముక్కలు చెబుతాను, ముందు నుంచీ చదువుతున్నవాళ్ళు కాస్త ఓపిక పట్టండి. మిర్యాకీ కాలెవీకీ పిల్లల్లేరు. థండర్ బే నుంచి మంచులో రోజంతా కారు నడుపుకుంటూ వినిపెగ్ పోయి వైద్యం చేయించుకుంటున్నారు. మూడు పిండాలు నిలవలేదు. నాలుగోదే ఆఖరిది. దాన్ని లోపల పెట్టించుకుని వచ్చారు. నిలిచిందో లేదో చెప్పే రక్తపరీక్ష వచ్చే సోమవారం.

సోమవారం దాకా ఆగమంటారు డాక్టర్లు. వాళ్ళకేం, ఎన్నైనా చెబుతారు. పిండం పెట్టే ముందు అండం విడుదల కావడానికి ఒక సూది వేస్తారు. ఆ సూదిలో ఉండేదీ, కడుపు నిలిస్తే ఒంట్లో ఊరేదీ ఒకటే. పుల్లకి తేడా తెలీదు, రెండింటికీ రెండో గీత చూపించేస్తుంది. అందుకని ఈ వైద్యంలో ఉన్న ఆడవాళ్ళు సూది వేసిన మర్నాటి నుంచే రోజూ పొద్దున్నే ఒక పుల్ల ముంచుతారు. గీత రోజురోజుకీ పాలిపోయి, ఒకనాటికి పుల్ల తెల్లగా మిగలాలి. 'కడుక్కోవడం' అంటారు దాన్ని. కడుక్కున్నాక మళ్ళీ గీత వచ్చిందో, అది సూదిది కాదు, బిడ్డది.

మిర్యా పుల్ల ఆదివారం తెల్లబడింది. మళ్ళీ ఏమీ రాదనుకుని ఆ రోజంతా ఏడ్చింది. సోమవారం వెంట్రుకంత గీత వచ్చింది. మంగళవారం ఇంకాస్త, బుధవారం ఇంకాస్త. గురువారం నాటికి చీకట్లో కూడా కనిపించేంత ముదురు గీత. దాన్ని చూసుకునే తొట్టిలో కూర్చుంది.

శుక్రవారం గీత పాలిపోయింది. ఇవాళ శనివారం, ఇంకా పాలిపోయింది.

వెనకవైపు పెరట్లో చెక్కతో కట్టిన సౌనా, అంటే ఆవిరి స్నానాల గది, ఉంది. దానికి ముందు బట్టలు మార్చుకునే చిన్న గది. ఆ గది కిటికీలోంచి వచ్చినంత మంచి వెలుతురు ఇల్లంతటిలోనూ రాదు. మిర్యా అక్కడ బల్ల మీద పుల్లలన్నీ వరసగా పేర్చుకుని కూర్చుంది. కిటికీ బయట గడ్డకట్టిన సరస్సు, దాని అవతల మనిషి వెల్లకిలా పడుకున్నట్టుండే కొండ. ఇవాళెందుకో ఆ కొండ వంక చూడబుద్ధి కాలేదు ఆమెకి. లేచి కిటికీకి వీపు పెట్టుకుని కూర్చుంది.

ఎడమ నుంచి కుడికి చూస్తే గీత నడిచొస్తోంది. ఒక్కో పుల్లకీ ఒక్కో అడుగు దగ్గరికి వచ్చింది. గురువారం గుమ్మం దాకా వచ్చింది. ఆ తర్వాత ఎవరో వెనకనుంచి పిలిచినట్టు తిరిగి వెళ్ళిపోతోంది. మిర్యాకి ఒళ్ళు జలదరించింది. గది వెచ్చగానే ఉంది మరి.

తలుపు అవతల సౌనాలో అత్తగారు హెల్వీ ఉంది. శనివారం మొదటి ఆవిరి ఎప్పుడూ ఆవిడదే. కాలే రాళ్ళ మీద గరిటెడు నీళ్ళు పోస్తుంటే సుయ్యిమని చప్పుడు. ఆ చప్పుళ్ళ మధ్య మాట. ఆవిడ ఒక ముక్క మాట్లాడి, కాసేపు ఆగి, మళ్ళీ మాట్లాడుతోంది. కొత్తగా కాపురానికి వచ్చినప్పుడు మిర్యా హడలి చచ్చింది. తర్వాత కాలెవీ చెప్పాడు. అమ్మ మాట్లాడేది వాళ్ళ అత్తగారు ఎల్మాతోనట. ఎల్మా ఏడుగుర్ని కన్నది సౌనాలో కూర్చునే ఆ పైబల్ల మీదే, పోయినప్పుడు ఆవిడకి ఆఖరి స్నానం చేయించిందీ దాని మీదే. ఈ ఇంట్లో అందరూ స్నానం ముగించాక చివరి గరిటె నీళ్ళు పోసి, తలుపు వేసి వచ్చేస్తారు. అది ఎల్మా వంతు. 'వేళాకోళం కాదు, మర్యాద,' అంటుంది హెల్వీ. మిర్యా అలవాటు పడిపోయింది. కానీ ఇవాళ ఆ మధ్యమధ్య ఆగే నిశ్శబ్దాల్లో ఎవరో నిజంగానే జవాబు చెబుతున్నట్టుంది.

ఫోను మోగింది. డెనీస్. సడ్‌బరీలో ఉంటుంది, నాలుగేళ్ళుగా ఇదే వైద్యం, ఫోను గుంపులో పరిచయం. పుల్లల శాస్త్రంలో పండితురాలు.

"ఫొటో చూశావా?" అంది మిర్యా.

"చూశాను."

"ఏంటే, అంతేనా? నీ నోరు మూతపడగా నేనెప్పుడూ చూళ్ళేదు. చెప్పవే బాబూ, చంపక."

"నేను చెప్పేది నీకు నచ్చదు తల్లీ." డెనీస్ గొంతు తగ్గింది. "గీత మెల్లగా ఎక్కితే ఎక్కాలి, లేదా రాకపోతే మానాలి. ఇలా గబగబా ఎక్కి గబగబా దిగేది నేను ఒక్కచోటే చూశాను. సూది వేసినప్పుడు. నీకు మళ్ళీ ఆ సూది వేశారా?"

"ఎవరు వేస్తారే? రాత్రిపూట కాలె వేసే నూనె మందు తప్ప నాకింకేం—"

ఆదివారం రాత్రి గుర్తొచ్చింది.

నూనె మందు పిండాన్ని పట్టి నిలిపే మందు. చిక్కగా ఉంటుంది. రోజూ రాత్రి కాలెవీ ఆ సీసాని చంకలో పెట్టుకుని వెచ్చబెట్టి, ఆమె బోర్లా పడుకుంటే తుంటి మీద లావు సూదితో ఎక్కిస్తాడు. ప్రాణం పోయినంత పని. మిర్యా దిండు కొరుక్కుంటూ ఉంటుంది, అతను "అయిపోయింది, అయిపోయింది" అంటూనే ఉంటాడు, అవదు. కానీ ఆదివారం రాత్రి అయిపోయింది. చీమ కుట్టినట్టు కుట్టి క్షణంలో అయిపోయింది. "చెయ్యి తిరిగిందే నీకు!" అని మెచ్చుకుంది కూడా. బుధవారం రాత్రీ అంతే. ఆ మర్నాడే గదూ గీత ముదిరింది!

"మిర్యా? ఉన్నావా?"

"తర్వాత చేస్తాను డెనీస్."

ఇంట్లోకి పరిగెత్తింది. ఫ్రిజ్ తలుపు తీసి, కింది అరలో హెర్రింగ్ చేపల ఊరగాయ సీసా జరిపింది. దాని వెనక నీలం మూత బుల్లి సీసా ఉండాలి, పోయినేడు వాడగా మిగిలిన అండం సూది మందు. కాలెవీ దేన్నీ పారెయ్యడు. తుప్పు పట్టిన మేకు కూడా దాచే రకం. సీసా ఉంది. వెలుతుర్లో పెట్టి చూసింది. అడుగున చుక్క తడి తప్ప ఏమీ లేదు.

కాలెవీ బర్చ్ కట్టెలు చంకనెత్తుకుని లోపలికి వచ్చాడు. ఆమె చేతిలో సీసా చూసి తేలు కుట్టిన దొంగలా నిలబడిపోయాడు. కట్టెలు ఒక్కొక్కటే జారి నేల మీద పడుతుంటే పట్టుకోను కూడా లేదు.

"ఇందులో మందు ఏమైంది కాలె?"

"పాడైపోయిందని..."

"అబద్ధం ఆడటం నీకు చేతకాదు, ఎందుకు పాట్లు? ఆదివారం, బుధవారం. అవునా?"

అతను తల దించుకున్నాడు. 

"ఆదివారం నువ్వు ఏడుస్తుంటే తలుపు సందులోంచి చూశాను. పోయినసారి ఇలాగే ఏడ్చి మంచమెక్కావు. వేసవి వచ్చేదాకా నాతో మాట్లాడలేదు. అన్నం పెట్టినా తినలేదు. నాకు భయమేసింది మిర్యా. మళ్ళీ అలా అయిపోతావేమోనని... సోమవారం ఎలాగూ తెలుస్తుంది కదా, అందాకా నాలుగు రోజులైనా నవ్వుతూ ఉంటావని..."

"నా ఒంట్లోకి అబద్ధం ఎక్కించావు."

"మంచి కోసమే."

"ఎవరి మంచి? సిగ్గులేదూ నీకు! నన్ను బోర్లా పడుకోబెట్టి, వెనక నిలబడి, 'కదలకు బంగారం' అంటూ..." ఖాళీ సీసా అతని వైపు చాపింది. "సోమవారం నుంచీ నేను దాంతో మాట్లాడుతున్నాను, తెలుసా? పొద్దున్న లేవగానే, అన్నం తినేటప్పుడు. చలేస్తోందా అని అడిగాను. నాకు జవాబు వచ్చినట్టు కూడా అనిపించింది. ఇన్ని రోజులూ ఎవరితో మాట్లాడాను నేను? ఎవరున్నారని అక్కడ?"

కాలెవీ ఏడుస్తున్నాడు. మామూలుగా అయితే అతను ఏడిస్తే ఆమె మనసు నీరైపోయేది. ఇవాళ కాలేదు. లోపల ఏదో చల్లబడి రాయి అయిపోయింది.

"సౌనాలోకి పోతున్నా," అంది.

పిండం పెట్టించుకున్న మనిషికి సౌనా వేడి తగలకూడదు. అది ఆ ఇంట్లో అందరికీ తెలుసు. వినిపెగ్ నుంచి వచ్చిన దగ్గర్నుంచీ ఆ రెండో తలుపు దాటనివ్వకుండా కాపలా కాసింది కాలెవీయే. ఇప్పుడు అతను ఆపలేదు. ఆపుతాడేమోనని గుమ్మం దగ్గర ఒక్క క్షణం ఆగింది కూడా. ఉహూఁ. అంటే నిజంగానే కాపాడాల్సింది ఏమీ లేదన్నమాట, అనుకుంది మిర్యా.

బట్టలు విప్పి, తువ్వాలు చుట్టుకుని, లోపలి తలుపు తోసింది.

లోపల దాదాపు చీకటి. పొయ్యి సందుల్లోంచి ఎర్రటి వెలుగు కాస్త. వేడి మొహాన్ని చరిచింది. పైబల్ల మీద హెల్వీ మోకాళ్ళు ముడుచుకుని కూర్చుంది. ఆవిడ పక్కన ఇంకెవరో కూర్చున్నట్టు అనిపించింది మిర్యాకి. వంగిన వీపు, వేలాడే తల. కళ్ళు నులుముకుని చూస్తే ఏమీ లేదు, ఉత్త ఆవిరి.

"ఎల్మమ్మా, కొంచెం జరుగు. నీ మనవడొస్తున్నాడు," అంది హెల్వీ పక్కకి తిరిగి.

"మనవడు కాదు అత్తయ్యా, నేను."

గరిటె తొట్టిలో ఠంగున పడింది. "నువ్వా! మతి గానీ పోయిందా నీకు? దిగు! దిగమంటుంటే ఎక్కుతావేంటే!"

మిర్యా ఎక్కేసింది. పైబల్ల మీద అత్తగారి పక్కన కూలబడింది. చెక్క తొడలకి చురుక్కుమంది. "అరవకండి. ఇంక భయం లేదు. లోపల ఎవరూ లేరు. ఉందనుకున్నదంతా మీ అబ్బాయి సూదిలోంచి వచ్చింది. మిగిలిన మందు దొంగతనంగా ఎక్కించాడట, నేను సంతోషపడాలని. పొయ్యండి అత్తయ్యా, ఇంకో గరిటె పొయ్యండి. ఎన్నాళ్ళయిందో ఒళ్ళు వెచ్చబడి."

హెల్వీ పొయ్యలేదు. రాళ్ళు టిక్కుటిక్కుమంటున్నాయి.

"ఏ మందు?" అంది చివరికి.

"ఫ్రిజ్‌లోది. చేపల సీసా వెనక."

"నీలం మూతదా?"

"అదే. మీకెలా తెలుసు?"

చీకట్లో ఆవిడ మొహం కనిపించడం లేదు. ఊపిరి మాత్రం వినిపిస్తోంది. ఆ ఊపిరి ఉన్నట్టుండి ఆగింది.

"అది నీళ్ళే అమ్మాయ్."

"ఏంటీ?"

"నీళ్ళు. మరగబెట్టిన నీళ్ళు. ముందు దిగు, దిగితే చెబుతాను, దిగవే నా తల్లి కదూ." ఆవిడ మిర్యా జబ్బ పట్టుకుని లాగుతూనే గబగబా చెప్పేస్తోంది, పాదిరి ముందు పాపం ఒప్పుకున్నట్టు. "పోయినేడు చర్చి ఆడవాళ్ళం ఫ్లోరిడా వెళ్ళలేదూ? ఆ సిర్కా ముండ లేదూ, తను ఏదో సూది వేసుకుని సన్నబడ్డానని చెప్పింది. మందు పేరు చెప్తే అది మన ఫ్రిజ్‌లోనే ఉంది. నేనేమో ఈత బట్టల్లో పీపాలా ఉన్నాను. నా షుగరు సూదులతో రోజూ కాస్త కాస్త లాగి పొడుచుకున్నాను. లాగినంతా నీళ్ళు మరగబెట్టి పోశాను. ఎలాగూ పారేస్తారులే అనుకున్నా. ఈ ఇంట్లో ఏదీ పారెయ్యరన్న సంగతి మర్చిపోయాను, వాణ్ణి అలా పెంచింది నేనే!"

"మొత్తం వాడేశారా?"

"చుక్క మిగల్చలేదు. తగ్గింది అరకిలో. అదీ ఆకలికి మాడి."

ఇంకోరోజైతే మిర్యా పొట్ట చెక్కలయ్యేలా నవ్వేది. ఇప్పుడు బల్ల మెట్లు దిగబోయి కాళ్ళు తేలిపోయి పడబోయింది. హెల్వీ అరవై ఎనిమిదేళ్ళ మనిషి, అయినా కోడల్ని రెండు చంకల్లో చేతులు వేసి అమాంతం ఎత్తి బయటి గదిలోకి ఈడ్చింది. పెరటి తలుపు తన్ని తెరిచి, గుమ్మం దగ్గర పేరుకున్న మంచు రెండు దోసిళ్ళు తెచ్చి ఆమె మెడకీ మొహానికీ రాసింది. రాస్తూ రాస్తూ, "క్షమించమ్మా, క్షమించు, దేవుడా, క్షమించు," అని ఇద్దరినీ కలిపి వేడుకుంటోంది.

మిర్యా వినడం లేదు. బల్ల మీద పుల్లల్నే చూస్తోంది.

"అయితే ఈ గీత?"

"గీత సంగతి నాకేం తెలుసే. నీళ్ళు ఎక్కిస్తే గీత రాదని మాత్రం తెలుసు."

ఆ మాట మిర్యా గుండెల్లో దిగింది. నీళ్ళే. ఆదివారం నీళ్ళే, బుధవారం నీళ్ళే. అంటే సోమవారం వచ్చింది ఎవరూ పంపకుండా, తనంతట తానే వచ్చింది. రోజూ ఒక్కో అడుగు దగ్గరికి వచ్చింది. తను మాట్లాడుతుంటే నిజంగానే వింది. సంతోషం ఒక్కసారి ఎగదన్నింది, అంతలోనే ఎక్కడికక్కడ గడ్డకట్టింది. ఎందుకంటే బల్ల మీద శుక్రవారం పుల్ల ఉంది, దాని పక్కన శనివారం పుల్ల ఉంది. సూది మందయితే దిగిపోవడం దాని ధర్మం, దిగిపోనీ అనుకోవచ్చు. బిడ్డ అయితే? వచ్చినవాడు ఎందుకు వెళ్ళిపోతున్నాడు?

ఆసుపత్రికి ఫోను చేసింది. శని, ఆదివారాల్లో పలికే నర్సు తీసింది. చేతులు మంచుతో తడిగా ఉన్నాయని మిర్యా దాన్ని స్పీకరులో పెట్టి బల్ల మీద ఉంచింది. గీత వచ్చిందని, పాలిపోతోందని, ఇప్పుడే సౌనాలో కాసేపు కూర్చున్నానని గుక్కతిప్పుకోకుండా చెప్పేసింది.

"ముందు మీరు స్థిమితపడండి," అంది నర్సు. నిదానమైన గొంతు. "సోమవారం దాకా ఆగొద్దు, ఇవాళే మీ ఊళ్ళో రక్తం ఇవ్వండి, నేను వాళ్ళకి కబురు చేస్తాను. సౌనా సంగతి తర్వాత చూద్దాం. రాత్రిపూట వేసుకునే నూనె మందు ఉంది చూడండి, దాని మీదే ఆధారపడి ఉంటుంది అంతా. అది ఏమైనా తప్పిందా?"

"లేదండీ. మా ఆయన ఒక్క రాత్రి కూడా..."

చల్లగాలి తగిలి వెనక్కి తిరిగింది. పెరటి గుమ్మంలో కాలెవీ నిలబడి ఉన్నాడు. ఎంతసేపటి నుంచి ఉన్నాడో, తల మీద మంచు పేరుకుంది. అమ్మ చెప్పిందంతా విన్నాడని మొహమే చెబుతోంది. ఆ మొహంలో రక్తం లేదు.

"కాలె," అంది మిర్యా. "ఆ రెండు రాత్రులూ నూనె మందు కూడా వేశావుగా? ఇదీ, అదీ, రెండూ వేశావుగా?"

అతను తల అడ్డంగా ఊపాడు.

"పుల్ల తెల్లగా ఉంది కదా మిర్యా. అయిపోయిందనుకున్నా."

"రెండు రాత్రులు," అంది హెల్వీ, కోడలి భుజం గట్టిగా పట్టుకుని. "రెండే కదమ్మా. రెండు రాత్రులకి ఏమీ కాదు. ఏమండీ నర్సమ్మా, రెండు రాత్రులు తప్పాయట, ఏం కాదు కదూ?"

"చూద్దాం. మిగతా రాత్రులు వేసుకున్నారు కదా?"

"వేశాడు," అంది మిర్యా వెంటనే. "మంగళవారం వేశాడు, నొప్పికి దిండు కొరికాను. నిన్న కూడా వేశాడు, నాకు బాగా తెలుసు." మాట్లాడుతూనే మొగుడి కళ్ళలోకి చూసింది. అతను ఆ చూపు తట్టుకోలేక కళ్ళు ఫోను వంక తిప్పేసుకున్నాడు. "వేశావా లేదా? నొప్పి పుట్టిందిగా!"

"మందు లేని ఉత్త సూది గుచ్చాను, నీకు అనుమానం రాకూడదని," అన్నాడు కాలెవీ.

 ఫోనులో నర్సు గొంతు మళ్ళీ పలికింది. "హలో? వినిపించలేదండీ. మొత్తం ఎన్ని రాత్రులు తప్పాయి?"

కాలెవీ మోకాళ్ళ మీద కూలబడ్డాడు, మిర్యా కాళ్ళ దగ్గర.

"ఎందుకింకా ఆ మందుతో నీ ఒళ్ళు హూనం చెయ్యడం అనుకున్నా మిర్యా. ఆదివారం నుంచీ ఒక్క చుక్క కూడా వెయ్యలేదు."